అయిదు బారల మొసలి
(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మొసళ్ల గురించే. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పిన మనిషిని. మొసలి మాట వస్తే నాకు ఒక పట్టాన ఆపాలనిపించదు.

*ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గోదారికి ఎర్రనీళ్లు వచ్చిన దగ్గర్నుంచి మా ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో. ఇసుకతిన్నె మీద మొసలి, దాని వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. "వశిష్ఠ పాయలో దొరికిన 30 అడుగుల మొసలి" అని కింద రాశారు. మా అమ్మ భయపడి రేవులోకి దిగడమే మానేసింది. 30 అడుగుల మొసలి నిజంగా ఉంటుందా? అసలు మొసలి ఎంత వరకు పెరుగుతుంది?*
*— ఒక పాఠకురాలు, రాజోలు దగ్గరి లంక గ్రామం*

ఉండదమ్మా. ఈ మాట ముందు మీ అమ్మగారికి చెప్పి, తర్వాత మిగతాది చదవండి. టేపు పెట్టి కొలిచిన మొసళ్లలో 30 అడుగులది ప్రపంచంలో ఎక్కడా లేదు. కొలిచినవాటిలో అన్నిటికన్నా పెద్దది 20 అడుగుల 3 అంగుళాలు.

ఆ వీడియో నాకూ నలుగురు పంపారు. ఆపి ఆపి చూశాను. మనిషి మొసలి పక్కన లేడు, దాని వెనక ఏడెనిమిది అడుగుల దూరంలో ఉన్నాడు. ఫోను మొసలి మూతికి బాగా దగ్గరగా, నేలకి ఆనించినట్టు పెట్టి తీశారు. దగ్గరున్నది పెద్దగానూ దూరంగా ఉన్నది చిన్నగానూ కనిపించడం కెమెరా స్వభావం. పెళ్లి ఫొటోల్లో కెమెరాకి బాగా దగ్గరగా కూర్చున్న వాళ్లు లావుగా పడతారు చూడండి, ఇదీ అంతే. ఆ మనిషి వచ్చి మొసలి తోక పక్కన నిలబడి ఉంటే ఈ ఉత్తరమే మీరు రాసేవారు కాదు.

కానీ కొలతలో ఇలా పొరపాటు పడేది ఫోనొక్కటే కాదు. మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

మా తాతయ్య యానాం వైపు గౌతమి పాయలో పడవ నడిపేవాడు. "అయిదు బారల మొసలిని కళ్లారా చూశాను" అని చెప్పేవాడు. చేతులు రెండు పక్కలకీ బారుగా చాపి ఒక బార, రెండు బారలు అంటూ పెరట్లో అడుగులు వేసి చూపించేవాడు. బార అంటే ఆరడుగులు, అంటే ఆయన లెక్కలో అది 30 అడుగుల మొసలి. తర్వాత దాన్ని ఎవరో తుపాకీతో కొట్టారనీ, తల ఊళ్లో పెద్దల ఇంటి వసారాలో చాలాకాలం ఉండి చివరికి కాలేజీ మ్యూజియానికి చేరిందనీ అందరూ అనుకునేవారు. నేను చదువుకున్నది ఆ కాలేజీలోనే. రెండో ఏడాదిలో ఒక రోజు అటెండరుని బతిమాలి అద్దాల బీరువా తాళం తీయించి ఆ పుర్రెని బల్ల మీద పెట్టించుకున్నాను.

ఎంత బరువుందో! దుమ్ము తుడిచి వేళ్లతో తడిమాను. రెండు కళ్ల గుంతల ముందు నుంచి మూతి వైపుకి రెండు గట్లు, చేలో గెనాల్లాగ, వేలికి తగిలాయి. మూతి చివర ముక్కు రంధ్రానికి ఒకటే గుంట. పై దవడకి ముందు భాగంలో రెండు వైపులా ఒక్కొక్క నొక్కు ఉంది. కింది దవడలో నాలుగో పన్ను సరిగ్గా వచ్చి కూర్చునే చోటు అది. కుట్టుమిషను టేపు తెచ్చుకున్నాను. మూతి కొస నుంచి నడినెత్తి ఎముక వెనక అంచు వరకు 53 సెంటీమీటర్లు వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే.

కళ్ల ముందు ఆ రెండు గట్లని బట్టి అది ఉప్పునీటి మొసలిది. ఉప్పునీటి మొసలికి తల పొడవు ఒంటి పొడవులో దాదాపు ఏడో వంతు. 53ని ఏడుతో హెచ్చవేస్తే 371 సెంటీమీటర్లు, అంటే 12 అడుగుల పైన చిల్లర. బాగా పెద్ద మొసళ్లలో తల ఎనిమిదో వంతు, తొమ్మిదో వంతు కూడా ఉంటుంది. పోనీ తొమ్మిదితోనే వేసినా 16 అడుగులు దాటదు. తాతయ్య చెప్పిన అయిదు బారలు టేపు దగ్గరికి వచ్చేసరికి రెండు బారలయ్యాయి.

ఇంటికి వెళ్లి సంబరంగా చెప్పాను. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు మొలలోతు నీళ్లలో నిలబడి ఉన్నది నేనమ్మా, నువ్వు కాదు" అన్నాడు. ఆ మాట మీద నేను ఇంకేమీ అనలేకపోయాను. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. నీళ్లలో మొసలి మొత్తం కనిపించదు. రెండు ముక్కు రంధ్రాలు, రెండు కళ్లు, వెనకెక్కడో తోక మీది రంపపు పళ్లు కనిపిస్తాయి. మధ్యలో ఎంత ఉందన్నది మనసు పూరించుకుంటుంది. భయంలో ఉన్న మనసు తక్కువగా పూరించదు.

ఇప్పుడు అసలు రికార్డులకి వద్దాం. ఫిలిప్పీన్స్‌లో, మిండనావో దీవి మీద బునవాన్ అనే ఊరి దగ్గర 2011 సెప్టెంబరులో ఒక మగ ఉప్పునీటి మొసలిని పట్టుకున్నారు. లోలాంగ్ అని పేరు పెట్టారు. కొలిస్తే 6.17 మీటర్లు, బరువు 1,075 కిలోలు. తల 70 సెంటీమీటర్లు. 2013 ఫిబ్రవరిలో బోనులోనే చచ్చిపోయింది. ఆ రికార్డుని ఇప్పటికీ ఏ మొసలీ దాటలేదు. ఆస్ట్రేలియాలో గ్రీన్ ఐలాండ్ అనే చోట ఉన్న కాసియస్ 5.48 మీటర్లు, అంటే దగ్గర దగ్గర 18 అడుగులు. అది 2024 నవంబరులో పోయింది.

మన పక్క రాష్ట్రం ఒడిశాలో భితర్‌కనిక ఉంది కదా, అక్కడ 7 మీటర్ల, అంటే 23 అడుగుల మొసలి ఉందని 2006లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అది నీళ్లలోనూ బురద గట్టు మీదా చూసి వేసిన అంచనాయే కానీ, పట్టి టేపు పెట్టింది కాదు. భితర్‌కనికలో భారీ మొసళ్లు ఉన్నమాట నిజం. అయినా నేను మాత్రం లోలాంగ్‌నే మొదటి స్థానంలో ఉంచుతాను. తాతయ్య విషయంలో పాటించిన నియమం ఒడిశా అటవీ శాఖకైనా పాటించాలి కదా.

పొడవు ఒక్కటే చూస్తే మొసలి సంగతి సరిగా అర్థం కాదు, బరువు చూడాలి. పొడవు రెట్టింపయితే వెడల్పూ రెట్టింపు, ఎత్తూ రెట్టింపు. కాబట్టి బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. పదడుగుల మొసలి, ఇరవై అడుగుల మొసలి అంటే వినడానికి ఒకటికి రెండులా ఉంటుంది. బరువులో చూస్తే మాత్రం ఒకటి క్వింటాల్ పైచిలుకు, రెండోది టన్ను దాటింది. ఇదే లెక్కన మీ వీడియోలో చెప్పిన 30 అడుగుల మొసలి మూడున్నర టన్నులు తూగాలి. అంత బరువున్న జంతువుని ఇసుకతిన్నె మీదికి ఎవరు ఈడ్చారో, ఎలా ఈడ్చారో వీడియో పంపినవాళ్లని అడగండి.

ఇంకొక మాట. "మొసలి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది" అని పుస్తకాల్లో చదివి నేనూ క్లాసులో ఏళ్ల తరబడి చెప్పాను. అది సరి కాదు. అమెరికాలో మొసలికి చుట్టాలైన ఎలిగేటర్లని పట్టి, గుర్తు వేసి వదిలి, ఏళ్ల తర్వాత మళ్లీ పట్టి కొలిచారు. ఎముకల్లో ఉండే ఏటి వలయాల్నీ చూశారు. ఒక వయసు దాటాక పెరుగుదల దాదాపు ఆగిపోతుందని తేలింది. కాబట్టి వందేళ్లు బతికితే 30 అడుగులు అవుతుందన్న వాదన కూడా నిలబడదు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మీ నోట్సు దిద్దుకోండి.

*ప్రశ్న: మొసలి, ఎలిగేటర్, ఘరియల్ ఒకటేనా? మా పుస్తకంలో క్రొకొడైలియా అని ఒక్క పేరాతో సరిపెట్టేశారు. పరీక్షకి కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.*
*— ఇంటర్ విద్యార్థి, కాకినాడ*

ఆ చివరి మాటకి చాలా సంతోషించాను బాబూ.

క్రొకొడైలియా అన్నది క్రమం. దాని కింద మూడు కుటుంబాలు: మొసళ్లది క్రొకొడైలిడే, ఎలిగేటర్లదీ వాటి దగ్గరి చుట్టాలైన కైమన్లదీ ఎలిగేటరిడే, ఘరియల్‌ది గేవియాలిడే. అన్నీ కలిపి ఇప్పుడు పాతిక పైచిలుకు జాతులు. మన దేశంలో మూడే జాతులు. మంచినీళ్లలో ఉండే మగ్గర్, సముద్రపు మొగల్లో ఉండే ఉప్పునీటి మొసలి, ఉత్తరాది నదుల్లో ఉండే ఘరియల్. ఎలిగేటర్ మన దేశంలో లేదు. అది అమెరికాలో ఒక జాతి, చైనాలో ఒక జాతి, అంతే.

నేను పైన చెప్పిన పుర్రె కింద అట్టముక్క మీద "ఎలిగేటర్" అని రాసి ఉండేది. తర్వాత నేను అదే కాలేజీకి లెక్చరరుగా వెళ్లాక ఆ పేరు మార్చమని ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. "అదీ ఇదీ ఒకటే కదండీ, ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దాం" అనేవారు. ఎన్నో ఇన్‌స్పెక్షన్లు అయ్యాయి. ఏటా కొత్త పిల్లలు వచ్చి ఆ తప్పునే నోట్సులో రాసుకుని వెళ్లేవారు. నాకు ఆ బాధ ఇప్పటికీ పోలేదు. చివరికి రిటైరయ్యే ముందు వారం నేనే ఇండియన్ ఇంకుతో కొత్త అట్ట రాసి అతికించి వచ్చాను.

ఎందుకంత పట్టింపు అంటే, తేడా కంటికి కనిపించేదే. నోరు మూసినప్పుడు కింది దవడ నాలుగో పన్ను మొసలికి బయటికి కనిపిస్తుంది. ఎలిగేటర్‌కి అది పై దవడ లోపలి గుంటలోకి వెళ్లి దాక్కుంటుంది. మొసలికి నాలుక మీద ఉప్పుని బయటికి నెట్టే గ్రంథులు ఉంటాయి. ఎలిగేటర్‌కి అలా పనిచేసేవి లేవు, అందుకే అది ఉప్పునీళ్లలో ఎక్కువకాలం ఉండలేదు. ఘరియల్ సంగతి సరేసరి. పొడవాటి సన్నని మూతి, దాని నిండా సూదుల్లాంటి పళ్లు, తిండి ప్రధానంగా చేపలే. పెద్ద మగదానికి మూతి కొసన బోర్లించిన చిన్న కుండలాంటి బుడిపె వస్తుంది. హిందీలో ఘడా అంటే కుండ. ఆ పేరు దాన్నుంచి వచ్చిందే.

మన రెండు మొసళ్లకీ తేడా చూడాలంటే మెడ వెనక్కి చూడు. మగ్గర్‌కి తల వెనకాల వెంటనే నాలుగు పెద్ద పొలుసులు వరసగా లేచి ఉంటాయి. ఉప్పునీటి మొసలికి అక్కడ నున్నగా ఉంటుంది, లేదంటే చిన్నవి ఒకటి రెండు ఉంటాయి. కళ్ల ముందు ఆ రెండు గట్లు ఉప్పునీటి మొసలివి. మగ్గర్ మూతి వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. గుడ్లు పెట్టే తీరు కూడా వేరు. మగ్గర్ ఒడ్డున గొయ్యి తవ్వి పెడుతుంది. ఉప్పునీటి మొసలి ఆకూ అలమూ బురదా పోగేసి దిబ్బ కట్టి అందులో పెడుతుంది. పోటు నీళ్లు వచ్చే చోట గొయ్యి తవ్వితే గుడ్లు మునిగిపోతాయి కదా!

పెరుగుదలలో కూడా జాతి జాతికీ తేడానే. మగ్గర్ మగది సాధారణంగా 10 నుంచి 13 అడుగులు, 15 దాటడం అరుదు. ఉప్పునీటి మొసలి మగది 13 నుంచి 17 అడుగుల మధ్య, ఆడది 8 నుంచి 11. దక్షిణ అమెరికాలో ఒక మరుగుజ్జు కైమన్ ఉంది, పెద్దదైనా అయిదడుగుల దగ్గర ఆగిపోతుంది. అది మన ఇళ్లలో దివాను మంచం కింద పట్టేస్తుంది.

వర్గీకరణ కథ కూడా చెప్పాలి. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో మొసలిని బల్లులతో కలిపి ఒకే ప్రజాతిలో (జీనస్‌లో) పెట్టాడు. పదేళ్లకి, 1768లో, లారెంటీ అనే శాస్త్రవేత్త దాన్ని విడదీసి క్రొకొడైలస్ అనే ప్రజాతి ఏర్పాటు చేశాడు. చూడడానికి బల్లిలా ఉన్నా, మొసలికి బల్లి దగ్గరి చుట్టం కాదు. ఇప్పుడు బతికున్న జంతువుల్లో మొసలికి అందరికన్నా దగ్గరి బంధువులు పక్షులు. నమ్మడం కష్టంగా ఉందా? బల్లి గుండెకి మూడు గదులు. మొసలికి, కోడికి నాలుగు. మొసలి గూడు కాపలా కాస్తుంది. గుడ్డు లోపలి నుంచి పిల్ల కూత వేస్తే వచ్చి తవ్వుతుంది. పిల్లల్ని నోట కరుచుకుని నీళ్లలోకి చేరుస్తుంది. కోడిపెట్టని చూసిన వాళ్లెవరికైనా ఇది కొత్తగా అనిపించదు.

నువ్వు ఈ పేర్లు బట్టీ పట్టినా, రేపు మారిపోవచ్చని కూడా గుర్తుపెట్టుకో. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక చాలా కదిలాయి. నైలు మొసలి ఒకటే జాతి అనుకున్నారు, రెండని తేలింది. ఈజిప్టు గుళ్లలో మమ్మీలుగా చేసిపెట్టిన మొసళ్లలో కొన్నిటిని పరీక్షిస్తే అవి ఆ రెండో జాతివి. 2019లో న్యూగినీ దీవిలో మరొక జాతిని విడదీసి పేరు పెట్టారు. ఆగ్నేయాసియాలో ఉండే టోమిస్టోమా అనే సన్నమూతి మొసలిని ఎముకల్ని బట్టి మొసళ్ల కుటుంబమన్నారు. డీఎన్ఏ ఘరియల్ పక్కన కూర్చోబెట్టింది.

*ప్రశ్న: మకర తోరణంలో ఉండే మకరం, మకర రాశి మకరం మొసలేనా? దానికి తొండం ఎందుకు ఉంటుంది?*
*— ఒక గృహిణి, ద్రాక్షారామం*

మకరం శిల్పుల ఊహాజీవి అండి. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక, ఒక్కోచోట నెమలి పింఛం కూడా కలిపి చెక్కుతారు. గంగాదేవికి వాహనం అదే. అయితే మొసలి దాని పునాది అనడంలో సందేహం లేదు. మకర అనే సంస్కృతం మాటే హిందీలో మగర్ అయింది, ఆ మగర్‌నే ఇంగ్లీషు వాళ్లు మగ్గర్ చేసుకున్నారు. ఈసారి గుడికి వెళ్లినప్పుడు తోరణం మీద మకరం దంతాలు చూడండి. తొండం ఊహే అయినా ఆ దవడ, ఆ పళ్ల వరస చూస్తే, నిజం మొసలిని చూసినవాడే దాని తీరు నేర్పి ఉంటాడని నాకు అనిపిస్తుంది.

*ప్రశ్న: డైనోసార్ల కాలంలో 40 అడుగుల మొసళ్లు ఉండేవని మా అబ్బాయి అంటున్నాడు. మీ లెక్క ప్రకారం అదీ అబద్ధమేనా?*
*— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, నరసాపురం*

అబద్ధం కాదు మాస్టారూ, కానీ అక్కడా హెచ్చవేత గొడవే. దాదాపు 8 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో డైనోసూకస్ అనేది ఉండేది. అది 30 అడుగులు దాటిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆఫ్రికాలో నైజర్ దేశపు ఎడారిలో దొరికిన సార్కోసూకస్‌కి మొదట దాదాపు 40 అడుగులు అన్నారు. తర్వాతి లెక్కల్లో 30 అడుగుల పైకి మాత్రమే వచ్చింది. మన హిమాలయాల దిగువన శివాలిక్ కొండల్లో దొరికిన రాంఫోసూకస్‌ది ఇంకా పెద్ద కథ. ఒకప్పుడు 50, 60 అడుగులు అన్నారు. ఇప్పుడు 26 నుంచి 36 అడుగుల మధ్యకి దింపారు.

కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మొత్తం అస్థిపంజరం దొరకదు. దవడ ముక్కో, పుర్రె భాగమో దొరుకుతుంది. దాన్ని ఏడుతో హెచ్చవేయాలా, తొమ్మిదితోనా? మూతి పొడవాటి జాతా, పొట్టి జాతా? ఒక్క అంకె మారితే పదడుగులు పెరుగుతుంది, తరుగుతుంది. అబ్బాయికి ఒక టేపు ఇచ్చి ఇంట్లో అందరి తలలూ, ఎత్తులూ కొలవమనండి. అందరికీ ఒకే భాగాహారం రాదని వాడికే తెలుస్తుంది.

*ప్రశ్న: మేం కోరింగ వైపు వేటకి వెళ్తాం. మా పెద్దోళ్లు మడ అడవిలో మొసళ్లు ఉండేవనేవారు. ఇప్పుడు ఎందుకు లేవు? వరదకి మళ్లీ వస్తాయా?*
*— ఒక మత్స్యకారుడు, తాళ్లరేవు ప్రాంతం*

మీ పెద్దోళ్లు చెప్పింది నిజమే. ఒకప్పుడు తూర్పు తీరం పొడవునా మొగల్లో ఉప్పునీటి మొసళ్లు ఉండేవి. తోలు కోసం కాల్చారు. గుడ్లు ఎత్తుకుపోయారు. మడ చెట్లు నరికారు. ఇంత పెద్ద జంతువుకి దిబ్బ కట్టుకోవడానికి మనిషి అలికిడి లేని చోటు కావాలి, అది లేకుండా పోయింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1975లో దేశమంతటా మొసళ్లని కాపాడే పథకం మొదలైంది. భితర్‌కనికలో గుడ్లు సేకరించి, పిల్లల్ని పెంచి, కాస్త ఎదిగాక ఏటిలో వదిలారు. ఇప్పుడు అక్కడ 1,800 దాకా ఉన్నాయి. మన దేశంలో ఉప్పునీటి మొసలికి గట్టి చోట్లు ఆ భితర్‌కనిక, బెంగాల్ సుందర్‌బన్స్, అండమాన్, నికోబార్ దీవులే. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. నీటికుక్కలకీ బావురుపిల్లులకీ అది మంచి నీడ అయింది.

నేను పిల్లల్ని తీసుకుని చాలాసార్లు ఆ కాలవల్లో తిరిగాను. పాటు సమయంలో నీళ్లు తీసినప్పుడు నల్లమడ వేళ్లు బురదలోంచి మేకుల్లా లేచి ఉంటాయి. గట్టు మీద ఎండ పడి నిగనిగలాడుతుంది. సరిగ్గా మొసలి పడుకోవాల్సిన చోటు. ఆ చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా నాకు దిగులుగా ఉంటుంది. మీకు భయం తప్పిందని తెలుసు, అయినా నా దిగులు నాది.

ఇక వరదకి వచ్చే మొసలి సంగతి. అది ఉప్పునీటిది కాదు, పైనుంచి వచ్చే మగ్గర్. కిన్నెరసానిలో, మంజీరలో, మంచిర్యాల వైపు గోదావరిలో మగ్గర్లు ఉన్నాయి. ఈ నీళ్లన్నీ మన దగ్గరికే కదా చేరేది! 1986 ఆగస్టు వరద గానీ, 2022 జులై వరద గానీ వచ్చినప్పుడు నది గట్లు దాటి పారుతుంది. అలాంటప్పుడు ఒకటో రెండో కొట్టుకు రావచ్చు. కనిపిస్తే రాళ్లు రువ్వకండి, వల వేయకండి, అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి. నీళ్లు తీశాక అది లోతు మడుగు వెతుక్కుంటుంది. ఆ వారం రోజులూ చీకటి పడ్డాక నీళ్లలో దిగకుండా, చేపలు ఒడ్డున శుభ్రం చేసి పేగులు నీళ్లలో పారేయకుండా ఉంటే చాలు.

పట్టు గురించి కూడా ఒక్కమాట. 2012లో అచ్చయిన పరిశోధనలో, 15 అడుగుల ఉప్పునీటి మొసలి కాటు బలం 16,414 న్యూటన్లు వచ్చింది. అంటే సుమారు 1,670 కిలోల బరువు పెట్టి నొక్కినట్టు. బతికున్న జంతువుల్లో కొలిచినవాటిలో ఇదే ఎక్కువ. చిత్రం ఏమిటంటే, నోరు తెరిచే కండరాలు మాత్రం చాలా బలహీనం. పట్టుకున్నాక దవడలు కలిపి గట్టి టేపు నాలుగు చుట్లు చుడితే తెరవలేదు. దీన్ని చదివి ఎవరూ ప్రయత్నించకండి, తోక దెబ్బకి కాలు విరుగుతుంది.

*ప్రశ్న: మా రొయ్యల చెరువు గట్టు మీద బురదలో అడుగులు పడ్డాయి. పనివాళ్లు మొసలి పిల్లవి అంటున్నారు, రాత్రిపూట మేత వేయడానికి రావడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఫొటో పంపుతున్నాను.*
*— ఒక ఆక్వా రైతు, భీమవరం దగ్గర*

ఫొటో పెద్దది చేసి చూశానండి. అది మొసలి కాదు, ఉడుము.

ఎలా చెబుతున్నానంటే, మొసలికి ముందు కాలికి అయిదు వేళ్లు, వెనక కాలికి నాలుగే. వెనక వేళ్ల మధ్య చర్మం ఉంటుంది, బురదలో ఆ చర్మం అచ్చు కూడా పడుతుంది. మీ ఫొటోలో వెనక అడుగు స్పష్టంగా పడింది. లెక్కపెట్టండి, అయిదు వేళ్లు. వేళ్లు సన్నగా, పొడవుగా, విడివిడిగా ఉన్నాయి, కొసన గోరు గుచ్చుకున్న చుక్క కూడా ఉంది. మధ్యలో తోక గీత తాడు ఈడ్చినట్టు సన్నగా, అటూ ఇటూ వంకర తిరిగి ఉంది. మొసలి పిల్లది ఇంత సన్నగా ఉండదు.

జంతువే ఎదురుపడితే ఇంకా తేలిక. ఉడుము నాలుక పాములా చీలి ఉంటుంది, మాటిమాటికీ బయటికి చాపుతుంది. మొసలి నాలుక కింది దవడకి అతుక్కుని ఉంటుంది, బయటికి రాదు. మొసలి తోక మీద రంపపు పళ్లు రెండు వరసలుగా మొదలై, కొస దగ్గర ఒకటే వరస అవుతాయి.

అది మీ గట్టు మీదికి పీతల కోసం, చచ్చిన రొయ్యల కోసం, ఎలకల కోసం వస్తోంది. పనివాళ్లకి ఈ జవాబు చదివి వినిపించండి, రాత్రి మేతకి రమ్మనండి. దాన్ని కొట్టనివ్వకండి. దానికీ చట్టం రక్షణ ఉంది, మొసలికి ఉన్నంత గట్టిదే. గట్టుకి బొరియలు పెట్టే ఎలకల్ని తింటుంది కాబట్టి మీకు అది మేలే చేస్తోంది.

ఒక్క చిన్న మాట, ఈసారి అడుగులు పడితే ఫొటో తీసే ముందు పక్కన ఏదైనా కొలత తెలిసిన వస్తువు పెట్టండి. చెప్పు గానీ, చెక్ ట్రే గానీ, స్కూలు పిల్లల స్కేలు గానీ. ఫోను వంచకుండా నేరుగా పైనుంచి తీయండి. ఎండ నడినెత్తికి రాకముందే తీస్తే వేళ్ల నీడ పడి అచ్చు బాగా తెలుస్తుంది. తీసి నాకు పంపండి, ఆ ఉడుము ఎన్ని జానలుంటుందో లెక్క కట్టి వచ్చే నెల చెబుతాను.